పొట్టి పానాలు: ఎన్నుకొను విధము

మోటారు బండ్ల పని చేయువారి పెట్టెలో పానాలన్నియు ఒకే పొడవున ఉండవు. జానెడువి, మూరెడువి ఉండును. వానితోపాటు పిడికిట ఇమిడిపోవు పొట్టి పానాలు కొన్ని ఉండును. ఈ పొట్టివానిని గూర్చి ప్రసంగింపవలసినదని మా వ్యవసాయ కార్యక్రమము వినువారు కొందఱు కోరిరి. ఈ విషయమున మేమును ఒక పాఠము నేర్చుకొని యుండుటచేత, ఆ కథతోనే ఆరంభించుచున్నాము.

ఒక ముంగారు కాలమున ధ్వనిముద్రణ కొఱకు కళ్యాణదుర్గము మీదుగా కంబదూరు వైపు వెళ్ళుచుండగా మా జీపులో ఆల్టర్నేటరు బెల్టు సడలినది. బ్యాటరీకి విద్యుత్తు చేరుట మానినది. ఒక బోల్టు వదులు చేసి, ఆల్టర్నేటరును వెనుకకు నెట్టి, మఱల బోల్టు బిగించినచో చాలును. పది నిమిషముల పని. కాని ఆ బోల్టునకును ప్రక్కనున్న ఫ్యానునకును నడుమ జానెడు చోటైనను లేదు. కొలది దినముల క్రిందటనే సంతలో కొన్న పొట్టి పానాల సెట్టు మాయొద్ద ఉన్నది. అద్దమువలె మెఱయుచున్నది. అందుండి 12 నంబరు తీసి పట్టించి బలముగా లాగితిమి. పానా జాఱినది, వ్రేళ్ళ కణుపులపై చర్మము లేచినది. మూడవ మాఱు లాగుసరికి బోల్టు తల మూలలు ఆఱును అరిగి గుండ్రనైనది.

బ్యాటరీలో మిగిలిన శక్తితో ఎట్లో కంబదూరు చేరితిమి. అచ్చటి షెడ్డులో మేస్త్రి ఒక ట్రాక్టరు పనిలో ఉన్నాడు. ముందటి రాత్రి వాన పడినది. పడమటి కనుమల వెనుక వాననీడలో నున్న ఈ అనంతపురము జిల్లాలో ఏడాది మొత్తమున కురియునది సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఎఱ్ఱనేలలో విత్తుటకు తగిన పదును కొలది దినములకంటె నిలువదు. ఆ పదునులో వేరుసెనగ వేయవలెనని ట్రాక్టరు రైతు వేచియున్నాడు. అవతలి గ్రామమున జనము మాకై కూడియున్నారని చెప్పగా, ఆ రైతే మేస్త్రితో, “వాళ్ళది సూడప్పా ముందు” అనెను.

మా పని గంటసేపు పట్టినది. ఆ గంటయు రైతు ఆకాశమువైపు చూచుచు నిలిచియుండెను. సంతలో మేము మిగుల్చుకొన్న పైకమెంతయో తలచుకొని సిగ్గుపడితిమి.

మేస్త్రి మా పానాను చేతితో తూచి, “యాడ తెచ్చినారు సార్ దీన్ని?” అని అడిగెను. సంతలో కొంటిమని చెప్పితిమి. తన డబ్బాలోనుండి క్రొత్త బోల్టు ఒకటి తీసి దాని తలపై మా పానా ఉంచి ఆడించెను. పానా గలగలలాడినది. “మెరుపు బాగుంది సార్. నోరే పెద్దది” అనెను. పిమ్మట చిన్న నంబరు రింగు పానా నొకదానిని సుత్తితో కొట్టి అరిగిన తలపై బిగువుగా ఎక్కించి, బోల్టును ఊడదీసి, క్రొత్తది వేసెను.

పానాల ఎన్నికలో ప్రధానాంశము మేస్త్రి మాటలోనే ఉన్నది. నట్టు తలకు ఆఱు చదును ముఖములు, ఆఱు మూలలు ఉండును. నోరు సరిగా ఉన్న పానా చదును ముఖముపై ఆనుకొని త్రిప్పును. నోరు వదులైనచో పానా కొంత తిరిగి మూల అంచుపై మాత్రమే ఆనును. బలమంతయు ఆ సన్నని అంచుమీదనే పడి మూల చితికిపోవును. 13 నంబరు పానా నోరు 13 మిల్లీమీటర్లకంటె సుమారు పావు మిల్లీమీటరు వఱకు మాత్రమే పెద్దదిగా ఉండవచ్చునని అంతర్జాతీయ ప్రమాణము. ఆ పావు మిల్లీమీటరు కంటికి తెలియదు, చేతికి తెలియును. కనుక పానాలు కొన వెళ్ళువారు జేబులో అరుగని క్రొత్త బోల్టులు రెండు మూడు వేసుకొని వెళ్ళవలెను. దుకాణదారుడు నవ్విన నవ్వనిండు.

ఇక పొట్టితనమును గూర్చి. పొట్టి పానా బలహీనమైన పానా అని పలువురు తలంతురు. లెక్క చూచిన విషయము మఱొక విధముగా కనబడును. పానా త్రిప్పు శక్తి చేతి బలమును పానా పొడవుతో హెచ్చించిన వచ్చును. 20 కిలోల బలముతో 16 సెంటీమీటర్ల పానాను లాగినచో 3.2 కిలోగ్రాము-మీటర్లు; అదే బలముతో 10 సెంటీమీటర్ల దానిని లాగినచో 2. సాధారణముగా బండ్లలో వాడు గట్టి రకము బోల్టులలో 6 మిల్లీమీటర్ల మరగల దానికి సుమారు 1, 8 మిల్లీమీటర్ల దానికి సుమారు 2.5 బిగువు చాలును. అనగా పొడుగు పానాతో ఊపుగా లాగినచో 6 మిల్లీమీటర్ల బోల్టు మెడ విఱుగుట ఆశ్చర్యము కాదు. పొట్టిదానిని రెండు మూడు వ్రేళ్ళే పట్టును కనుక అంత బలము చేరదు. చిన్న బోల్టులకు పొట్టి పానా కాపుదల వంటిది.

పెద్ద బోల్టుల సంగతి ఇందుకు విరుద్ధము. 12 మిల్లీమీటర్ల మరగల గట్టి బోల్టునకు ఎనిమిదిన్నర కిలోగ్రాము-మీటర్ల బిగువు కావలెను. 13 సెంటీమీటర్ల పొట్టి 19 నంబరు పానాతో అది సాధింపవలెనన్న 65 కిలోల బలము పెట్టవలెను. ఏ మేస్త్రియు పెట్టలేడు. పెట్టవలెనని గొట్టము తొడిగినచో పానాయో, బోల్టో పోవును. కావున సెట్టులో 19 వఱకు ఉన్నవని మురియనక్కఱలేదు. ఆ పెద్ద నంబరులు అంకె పెంచుటకు చేర్చినవే అని మా అభిప్రాయము.

అయినచో ఏ నంబరులు ముఖ్యము? ఇచ్చట కొంత చరిత్ర తెలియవలెను. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు మరలకు ఒకే కొలత ఉండవలెనని ప్రతిపాదించెను. ఆ అంగుళపు కొలతల బండ్లే చిరకాలము మన దేశమున తిరిగినవి. 1956 తూనికలు కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి మన దేశమున ప్రవేశించినది. అయినను పాత ట్రాక్టర్లలో అంగుళపు తలలు నేటికిని కనబడును. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు, 13 నంబరు దానిపై ఎక్కును కాని వదులుగా నుండును. ముప్పాతిక అంగుళము 19కి చక్కగా సరిపోవును.

మెట్రిక్ బండ్లలోను రెండు సంప్రదాయములున్నవి. 8 మిల్లీమీటర్ల మరగల బోల్టు తల ఐరోపా పద్ధతిలో 13, జపాను పద్ధతిలో 12. పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచిలో 2019లో ఉత్పత్తి ఆరంభించిన కొరియా కార్ల కర్మాగారము బండ్లలోను 10, 12, 14 నంబరులే మిక్కిలిగా ఉండును. కనుక 8, 10, 12, 13, 14 అను ఐదు పొట్టి పానాలు మంచివి దొరికినచో ట్రాక్టరునకు, ఆటోకు, మోటారు సైకిలునకు చాల వఱకు పని జరుగును. పండ్రెండు నాసిరకపు పానాలకంటె ఈ ఐదు మేలు.

ఒక కొన నోరును, మఱొక కొన రింగును గల జంట పానాలే తీసికొనవలెను. రింగు నట్టును చుట్టును పట్టును కనుక జాఱుట తక్కువ. కాని డీజిలు గొట్టము చివరనున్న నట్టుపై రింగు దిగదు. ట్రాక్టరు గాలి పట్టి ఆగినప్పుడు ఆ నట్టు వదులు చేయుటకు నోటి పానాయే గతి. మంచి నోటి పానా తల పిడికి సుమారు 15 డిగ్రీలు వాలియుండును. త్రిప్పి, తిరగవేసి, మఱల త్రిప్పినచో ముప్పది డిగ్రీల సందులోనే నట్టు తిరిగివచ్చును. ఇఱుకు చోట ఈ వాలే ప్రాణము. రింగు లోపల పండ్రెండు పండ్లున్న దానికిని ముప్పది డిగ్రీలు చాలును. ఆఱు పండ్లదానికి అఱువది కావలెను, కాని అరిగిన నట్టును అదియే బాగుగా పట్టును. రింగు గోడ పలుచగా ఉండవలెను. లోహము నాసిదైనప్పుడు గోడను మందముగా చేయుదురు. అట్టిది సందులో దూరదు.

ఉక్కును గూర్చి ఒక మాట. క్రోమ్ వెనేడియం ఉక్కును కాల్చి అచ్చులో సాగగొట్టి, పదును పెట్టి చేసినవి శ్రేష్ఠములు. ఆ పేరు పిడిమీద ముద్రించినంతమాత్రమున నమ్మరాదు. మా సంత పానాలమీదను ఆ ముద్ర ఉన్నది. నోటి పానాలకు ఐ.ఎస్. 2028, రింగు పానాలకు ఐ.ఎస్. 2029 అను భారతీయ ప్రమాణములున్నవి. వానిని తయారుదారు పేర్కొన్నాడా, విఱిగినచో మార్చియిచ్చునా అని అడుగవలెను. పంజాబులోని జలంధరు, లూధియానా నగరములలో చేతి పనిముట్లు విస్తారముగా తయారగుచున్నవి; అందు మేలురకమును నాసిరకమును కలవు. వ్యాపార సంస్థల పేర్లు చెప్పుట మా ఆచారము కాదు గనుక శ్రోతలు మన్నింతురు గాక.

పొడుగు పానాను కోసి, అతికించి పొట్టిగా చేసికొనుట కొన్ని షెడ్లలో వాడుక. వెల్డింగు వేడికి ఉక్కు పదును చెడును. అతుకు ప్రక్కన పెళుసై విఱుగును. మేస్త్రి కూడ అట్టి దానినొకటి చూపి, “తొందరకు చేసుకున్నా సార్, దీన్ని నమ్మేది లేదు” అనెను. సానరాయిపై నీలిరంగు తిరుగునట్లు అరగదీసినను ఇదే నష్టము.

నోటి రెండు దవడలును సమాంతరముగా ఉన్నవో లేవో వెలుతురుకెదురుగా పట్టి చూడవలెను. నంబరు స్పష్టముగా అచ్చువేసి ఉండవలెను. పూత పొక్కులు లేచియున్నచో తీసికొనరాదు. ఆ పెచ్చులు వ్రేళ్ళను కోయును. ఎఱ్ఱదుమ్ము నూనెతో కలిసి నోటిలో గట్టిపడినప్పుడు మంచి పానాయు సరిగా కూర్చుండదు. పని ముగియగానే కిరసనాయిలు గుడ్డతో తుడిచిపెట్టుట చాలును.

తిరిగివచ్చిన పిమ్మట మా సెట్టులోని పానాలన్నిటికిని క్రొత్త బోల్టులు పెట్టి చూచితిమి. 8 నంబరు ఒక్కటి బిగువుగా కూర్చుండినది. దానిని ఉంచుకొని, తక్కిన నాలుగు నంబరులు విడివిడిగా కొంటిమి.