మరువని లోహము

2022 నుండి అనకాపల్లి జిల్లాలోనున్న చోడవరము, పూర్వపు విశాఖ మండలమున పేరుగన్న చెరకు సీమ. అక్కడి కమ్మరి కొలిమిలో ఎఱ్ఱగా కాగిన ఉక్కుకత్తి నీళ్లతొట్టిలో చుయ్యిమని మునుగును. ఆ క్షణముననే లోపలి పరమాణువుల అమరిక మారిపోవును. ఏ పరమాణువును ఒంటిగా తిరుగాడదు. ఇరుగుపొరుగులను విడువక, బారులు బారులుగా ఒరుగును. జర్మను లోహశాస్త్రజ్ఞుడు మార్టెన్స్ పేర ఈ స్థితిని మార్టెన్సైట్ అందురు.

నికెలు, టైటేనియము దాదాపు సమసంఖ్యలో కలిసిన నిటినాల్ చల్లారునప్పుడు జరుగునదియు నిట్టిదే. వేడిలో పాచిక వంటి ఘనాకృతి. చలిలో వాలిన ఆకృతి. ఒక పొర ఇటు, ప్రక్కపొర అటు ఒరుగుటచే పైకి తీగ రూపము మారదు. పిదప వంచినచో, ఒక హద్దు వరకు, అటు వాలిన పొరలు ఇటు తిరుగును, అంతే. వేడి తగులగానే అన్నియు ఆ ఒక్క ఘనాకృతికే మరలవలెను గనుక తీగ పూర్వరూపము దాల్చును. 1960 ప్రాంతమున అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో బ్యూలర్ పరిశోధించిన లోహమిది. శరీరపు వెచ్చదనమునకు విచ్చుకొని రక్తనాళమును తెరచియుంచు జాలీగొట్టములు నేడు దీనితో చేయుచున్నారు.

మరి కమ్మరి కత్తి ఏల మరచును? ఉక్కులోని కర్బన పరమాణువులు ఇరుకున చిక్కుకొనును. తిరిగి కాల్చినచో అవి ఇనుముతో కూడి వేరు రేణువులగును. వచ్చిన దారి ఇక లేదు. అయినను కత్తికి కాఠిన్యము ఆ చిక్కువలననే. చెరకుగడ తెగుటయు దానివలననే.