అమ్మ కడుపులో అతికిన జిగురే...

న్యూజిలాండ్‌లో ఓ మావోరీ కుటుంబం. 30 ఏళ్లలో 20 మందికి పైగా కడుపు క్యాన్సర్‌తోనే పోయారు. ఏ శాపం తగిలిందో అనుకున్నారట పాపం! చివరికి ఆ ఇంటివాళ్లే చొరవ తీసుకుని శాస్త్రవేత్తల తలుపు తట్టారు. ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన పారీ గిల్‌ఫర్డ్ బృందం 1998లో అసలు దోషిని పట్టుకుంది. అది సీడీహెచ్1 అనే జన్యువులో లోపం.

నిజానికి ఈ జన్యువు మనకు మొదట్నుంచీ నేస్తమే. అమ్మ కడుపులో పిండం ఎనిమిది కణాలుగా ఉన్నప్పుడు వాటిని ఒకదానికొకటి అతికించేది ఇది తయారుచేసే ఇ-క్యాడ్‌హెరిన్ ప్రొటీనే. బూందీ లడ్డూకి పాకం లాంటిదన్నమాట. ఆ తర్వాత శిశువు రూపు దిద్దుకునేటప్పుడు కొన్ని కణాలు చోటు మారాలి. అప్పుడు స్నెయిల్ అనే మరో జన్యువు ఈ జిగురును కాసేపు ఆపుతుంది. పనవగానే అదీ తప్పుకుంటుంది. ఎంత పద్ధతో చూడండి!

పుట్టుకతోనే సీడీహెచ్1 ప్రతి ఒకటి చెడినవారిలో, రెండోదే భారమంతా మోస్తుంది. పెద్దయ్యాక జీర్ణాశయంలో ఏ కణంలోనో అదీ మూగబోతే పాకం కుదరని లడ్డూలా కణాలు విడిపోయి, గోడలోకి చెల్లాచెదురుగా పాకుతాయి. గడ్డ కట్టదు కాబట్టి ఎండోస్కోపీలో కూడా కనబడకపోవచ్చు. అందుకే ఈ లోపం ఉందని తేలినవారికి చాలాసార్లు జబ్బు రాకముందే జీర్ణాశయం మొత్తం తీసేయమంటారు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా చాలాసార్లు తినాలి. బి12 జీవితాంతం తీసుకోవాలి. కష్టమే, కానీ బతుకు నిలుస్తుంది.

ఆడవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఇదే లోపం వల్ల లోబ్యులర్ అనే రొమ్ము క్యాన్సర్ కూడా రావచ్చు. అదీ గడ్డలా చేతికి తగలకపోవచ్చు, మామోగ్రామ్‌కీ చిక్కకపోవచ్చు. కాబట్టి వీరికి ఏటా ఎమ్మారై చేయించమంటారు.

అలాగని కడుపులో మంట పుట్టగానే హడలిపోకండి. కడుపు క్యాన్సర్లలో ఈ రకం నూటికి ఒకటి నుంచి మూడే. ఎక్కువవాటికి మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా. దానికి మందులున్నాయి.

అయితే ఇంట్లో ఒకరికి కడుపు క్యాన్సర్, మరొకరికి రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం డాక్టరుకు తప్పక చెప్పండి. మేనత్త సంగతి మనకెందుకులే అనుకోవద్దు. తండ్రి నుంచైనా, తల్లి నుంచైనా ఈ లోపం బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఉందో లేదో రక్తపరీక్షతో తెలుస్తుంది.