సూదికి ఎన్ని మార్కులు?

నడుము నొప్పితో అవనిగడ్డ నుంచో గుడివాడ నుంచో బెజవాడ బస్సెక్కినవాళ్లకి గవర్నర్‌పేట, సూర్యారావుపేట వీధుల్లో బోర్డులకు కొదవ లేదు. ఎముకల డాక్టరు, నరాల డాక్టరు, స్కానింగు, ఫిజియోథెరపీ, మధ్యలో ఎక్కడో ఆక్యుపంక్చర్. మాత్రలు రాసేవారు సూదుల ఊసెత్తరు, సూదులు గుచ్చేవారు మాత్రల ఊసెత్తరు. రెండిట్లో దేనికెంత బలముందో తేల్చుకునే భారం రోగి మీదే పడుతుంది.

లెక్కలు మాత్రం ఉన్నాయి. జర్మనీలో జరిపి 2007లో వెలువరించిన ఒక పరిశోధనలో, దీర్ఘకాలంగా నడుము నొప్పితో ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి చైనా పద్ధతి చెప్పిన బిందువుల్లోనే సూదులు. రెండో గుంపుకి ఉత్తుత్తి సూదులు, అంటే బిందువులు కాని చోట పైపైన గుచ్చినవి. మూడో గుంపుకి మామూలు వైద్యం: మాత్రలు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ గుణం కనిపించినవారు అసలు సూదుల గుంపులో 47.6 శాతం, ఉత్తుత్తి సూదుల్లో 44.2 శాతం, మామూలు వైద్యంలో 27.4 శాతం.

ఇందులో ఏ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఆ తీర్పు వస్తుంది. 47.6ని 27.4 పక్కన పెడితే సూదే గెలిచింది. జర్మనీ 2007 నుంచి నడుము నొప్పికీ మోకాళ్ల అరుగుదలకీ సూదివైద్యం ఖర్చును ఆరోగ్య బీమాలో చేర్చింది. 47.6ని 44.2 పక్కన పెట్టి చూడండి, తేడా మూడున్నర కూడా లేదు. అసలుకీ ఉత్తుత్తికీ మధ్య తేడానే ముఖ్యంగా చూసే బ్రిటన్ నిపుణుల సంస్థ 2016లో నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ వద్దంది. అదే సంస్థ, కారణం తేలని దీర్ఘకాలిక నొప్పులకు వాడి చూడవచ్చని 2021లో చెప్పింది.

రెండు వాదనల్లోనూ పస ఉంది. ఏళ్లుగా మాత్రలు మింగి, వ్యాయామం చేసి విసిగినవాళ్లకి మళ్లీ అవే ఇస్తే ఫలితం 27 దగ్గర ఆగడం వింతేమీ కాదు. అంచేత 20 శాతం తేడా అంతా సూది ఖాతాలో వేయలేం. అలాగని ఉపశమనం పొందినవాళ్లను ‘అంతా మీ భ్రమ’ అని పంపించేయడమూ కుదరదు. 29 పరిశోధనల్లోని 17,922 మంది వివరాలను 2012లో కలిపి లెక్కగట్టినప్పుడు బొమ్మ కాస్త తేటపడింది. నొప్పి మొదట నూటికి 60 ఉందనుకుంటే, సూదులు లేనివాళ్లకి 43కి, ఉత్తుత్తి సూదులకి 35కి, అసలు సూదులకి 30కి దిగుతుంది. గుచ్చడం వల్ల మేలు ఉంది. సరిగ్గా ఎక్కడ గుచ్చాలన్న దానికి దక్కినవి ఐదు మార్కులే. 361 బిందువుల పటం గోడకు తగిలించుకుని అన్ని రోగాలకూ హామీ ఇచ్చేవారిని ఈ ఐదు గురించి అడగాలి.

రెండు వైద్యాలు కలవాల్సిన చోటు నాకు కనిపించేది ఒకటి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, కడుపులో పుండ్లున్న పెద్దవాళ్లు నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగలేరు. ఏటా వంగి నాట్లు వేసిన నడుములకి ఆ మాత్రలు అలవాటైపోయిన డెల్టాలో ఇది చిన్న సంగతి కాదు. వాళ్లకి సూది ఒక దారి. ప్రమాదం? జర్మనీలోనే 2,29,230 మందిని గమనిస్తే 8.6 శాతానికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, ఎక్కువగా కాస్త రక్తం రావడమో చర్మం కమిలిపోవడమో. వైద్యం అవసరమైనవారు 2.2 శాతం. ఇద్దరికి మాత్రం ఊపిరితిత్తి పొర చిల్లుపడింది.

ఆ ఇద్దరి కోసమే చదువు గురించి మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పిన లెక్క ప్రకారం, డాక్టరు కానివారికి 2,500 గంటల శిక్షణ కావాలి. డాక్టరు తన వైద్యానికి తోడుగా కొంతవరకు వాడుకోవాలంటే 200 గంటలు చాలు. జర్మనీలో బీమా డబ్బు రావాలంటే ఆ 200కి తోడు నొప్పి చికిత్స మీద మరో 80 గంటల కోర్సు ఉండాలి. మన దేశానికి ఈ విద్య తెచ్చిందీ అల్లోపతి డాక్టరే. 1938లో డాక్టర్ కోట్నిస్ సహా చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ఒకరైన బిజయ్ కుమార్ బసు, 1958లో అక్కడే నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్రం 2003 నవంబరులో, రిజిస్టరైన డాక్టర్లూ తగిన శిక్షణ పొందినవారూ దీన్ని చేయవచ్చంది. 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

గుర్తింపు వచ్చినా ఎంబీబీఎస్ తరగతి గదిలోకి సూది రాలేదు. చైనాలో ఎంబీబీఎస్ చదివిన మన పిల్లలు అక్కడి సంప్రదాయ వైద్యాన్ని ఎంతో కొంత చదివే వస్తారు, ఇక్కడికొచ్చి రాసే 300 మార్కుల అర్హత పరీక్షలో మాత్రం దాని ప్రస్తావన ఉండదు. 1986 నుంచి ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు బెజవాడ. అక్కడ డాక్టర్లకు ఆదివారానికి నాలుగు గంటల చొప్పున చెప్పినా ఏడాదిలో 200 గంటలు పూర్తవుతాయి.

ఈలోగా వెళ్లేవాళ్లు వెళుతూనే ఉంటారు. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆపుకోలేకపోయినా, నడుము నొప్పితో జ్వరం వచ్చినా ముందు ఆసుపత్రికే వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సూది వేసేవారికి చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టనివ్వకూడదు. సూదుల ప్యాకెట్టు మీ ఎదుటే విప్పాలి. షుగరు, బీపీ మాత్రలు మానేయమంటే లేచి వచ్చేయడమే. జర్మనీ బీమా మామూలుగా ఆరు వారాల్లో పది సిట్టింగులకే డబ్బు కడుతుంది. పది దాటినా గుణం లేకపోతే పదకొండోదానికి అడ్వాన్సు ఇవ్వకండి.