రోమన్ నాణెం: లోహం చెప్పే చరిత్ర

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి ఉక్కు నగరంలో సెక్టర్ 7 ఒక నివాస విభాగం. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనది. నాటి నుండి దేశం నలుమూలల వారితోపాటు తెలుగువారు కూడా ఈ నగరంలో స్థిరపడినారు. ఒక లోహంలో మరొకటి ఏ పాళ్లలో కలిసినదో పరీక్షించడం ఈ ఊరికి నిత్యకృత్యం. సరిగా ఇదే పరీక్షను రెండువేల సంవత్సరాల క్రితం మన వర్తకులు రోమన్ నాణేలకు పెట్టినారు.

రోమన్ సామ్రాజ్యంలో నాణేలు ప్రధానంగా రెండు విధాలు. చక్రవర్తి పేరిట లాటిన్ అక్షరాలతో ముద్రించిన బంగారు, వెండి నాణేలు సామ్రాజ్యమంతటా చెల్లేవి. తూర్పు రాష్ట్రాల నగరాలు తమ అవసరాలకై ముద్రించుకున్న నాణేలు రెండవ రకం. వీటినే చరిత్రకారులు రాష్ట్రీయ నాణేలంటారు. వీటిపై ఒకవైపు చక్రవర్తి ముఖం, మరొకవైపు స్థానిక దేవతో, ఆలయమో, నది ప్రతిరూపమో ఉండేది. అక్షరాలు సాధారణంగా గ్రీకు భాషవి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నాణేలపై చక్రవర్తి పాలనా సంవత్సరం కూడా ఉండటం వల్ల వాటి కాలాన్ని కచ్చితంగా నిర్ణయించవచ్చు. ఏలిక ఒక్కడే అయినను, ప్రతి నగరమూ తన భాషను, తన దైవాన్ని నిలుపుకున్నదనడానికి ఈ నాణేలే సాక్ష్యం.

మన దేశంతో వర్తకం సాగించిన ఓడలు ఈజిప్టు రేవుల నుండే బయలుదేరేవి. అయినను అలెగ్జాండ్రియా నాణేలు ఇక్కడ లభించడం అరుదు. వాటిలో రాగి పాలు ఎక్కువ; ఈజిప్టు దాటితే వాటికి చెలామణి లేదు. మన వర్తకులు నాణెంపై ముద్రను గాక, అందులోని లోహాన్ని తూచి పుచ్చుకునేవారు. అందుచేతనే అగస్టస్, టిబేరియస్ చక్రవర్తుల స్వచ్ఛమైన వెండి నాణేలు ఇక్కడ విశేషంగా దొరికినవి. క్రీ.శ. 64లో నీరో వెండి నాణెం తూకాన్ని తగ్గించి, రాగి పాలు పెంచినాడు. ఆ తరువాతి వెండి నాణేలు మన దేశంలో చాలా తక్కువ.

నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో 1,531 రోమన్ వెండి నాణేలు లభించినవి. వినుకొండలో, నాగార్జునకొండలో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతపు చకర్‌బేఢాలో బంగారు నాణేలు బయటపడినవి. మెదక్ ప్రాంతపు కొండాపూర్‌లో రోమన్ నాణేలను అనుకరించిన మట్టి పతకాలు దొరికినవి. దారం గుచ్చి ధరించడానికి వాటికి రంధ్రాలు కూడా కలవు. పరదేశపు ధనం ఇక్కడ సామాన్యుల అలంకారమైనదన్నమాట.

ఇట్టి నిక్షేపాలు ఎక్కువగా పొలం దున్నేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో బయటపడతాయి. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికినప్పుడు కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం విధిస్తున్నది. అయినను కంసాలి కొలిమిలో కరిగిపోయిన నాణేలకు లెక్క లేదు.

తుక్కు ఇనుమును కరిగిస్తే కొత్త ఉక్కు పుడుతుందని భిలాయి విద్యార్థికి తెలుసు. కాని పాత నాణెం కరిగిస్తే మిగిలేది ఏ నాలుగు గ్రాముల వెండియో మాత్రమే. ఏ చక్రవర్తి, ఏ ఊరి మట్టి, ఏ నాణెం పక్కన ఏది దొరికినదన్న సమాచారమంతా ఆవిరైపోతుంది. మ్యూజియంలోని నాణెం విలువ దాని తూకంలో లేదు. అది దొరికిన చోటును దానితోపాటు భద్రపరచడంలోనే ఉన్నది.