సాధుశీలుడైన మహాకాయుడు

బలవంతునికి సహనమే భూషణమని పెద్దలంటారు. ఈ మాటను ఫుట్‌బాల్ మైదానంలో రుజువు చేసినవాడు వేల్సు దేశీయుడైన జాన్ ఛార్లెస్.

1931 డిసెంబరు 27న స్వాన్సీలో జన్మించిన ఛార్లెస్, పదిహేడేళ్ల ప్రాయంలోనే ఇంగ్లండులోని లీడ్స్ యునైటెడ్ పక్షాన ఆడనారంభించినాడు. మొదట అతని స్థానం సెంటర్ హాఫ్; అనగా ప్రత్యర్థుల దాడిని నడుమ నిలిచి అడ్డగించేవాడు. 1952లో మేనేజరు ఫ్రాంక్ బక్లీ అతనిని సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపినాడు. కోట కాచేవానికే కోట కూల్చే పని అప్పగించినట్లయింది. 1953-54 లీగు పోటీలలో అతడు 42 గోల్సు చేసినాడు. రక్షకుని మనసెరిగినవాడే రక్షణను ఛేదించగలడు గదా!

1957లో ఇటలీలోని జువెంటస్ జట్టు 65,000 పౌన్లిచ్చి అతనిని తీసుకొన్నది. అంతకు మున్ను ఏ బ్రిటిష్ ఆటగానికీ అంత వెల పలుకలేదు. తొలి ఏటనే 28 గోల్సుతో ఇటలీ లీగులో అగ్రస్థానం అతనిదే. అయిదేళ్లలో ఆ జట్టు మూడుమార్లు విజేత అయినది. అంతటి దేహబలం ఉండీ, తన ఆటజీవితమంతటిలో ఒక్కసారైనా రిఫరీ హెచ్చరికకు గురికాలేదు. మైదానం నుండి వెళ్లగొట్టబడలేదు. ఇటలీ ప్రజలు అతనిని ‘సాధువైన మహాకాయుడు’ అని పిలుచుకొన్నారు.

ఆ సాధుత్వానికి మూల్యం లేకపోలేదు. 1958 ప్రపంచకప్పులో హంగరీ ఆటగాళ్ల మొరటుదెబ్బలకు గాయపడి, రెండురోజుల అనంతరం బ్రెజిలుతో జరిగిన క్వార్టర్ ఫైనలుకు దూరమైనాడు. పదిహేడేళ్ల పెలే చేసిన ఒకే ఒక గోలుతో వేల్సు ఓడినది. మరల ప్రపంచకప్పులో ఆడడానికి ఆ దేశం 2022 వరకు వేచియుండవలసి వచ్చినది. ఛార్లెస్ ఉండియుంటే ఏమై ఉండేదో ఎవరు చెప్పగలరు? అయినా దెబ్బకు దెబ్బ తీయడం అతడు ఆ తరువాత కూడా నేర్వలేదు.

వయసు మీరిన పిమ్మట, నాటికి లీగులో చోటులేని హెరిఫర్డ్ అనే చిన్న జట్టుకు ఆటగాడుగా, మేనేజరుగా పనిచేసినాడు. 1971లో అతడు వీడిపోయిన మరుసటి ఏడే ఆ జట్టుకు లీగు ప్రవేశం లభించినది. విత్తినవాడొకడు, కోత చూచినవారు మరొకరు. తరువాత స్వాన్సీలో బాలుర జట్టుకు శిక్షణ ఇచ్చినాడు. టురిన్ నగరం ఆరాధించిన మనిషికి అది తక్కువపని అనిపించలేదు.

2004 ఫిబ్రవరి 21న ఛార్లెస్ కన్నుమూసినాడు. గోల్సు లెక్కలు రికార్డు పుస్తకాలలో ఉన్నవి. చేయగలిగీ ఎవరికీ చేయని హాని మాత్రం ఏ లెక్కకూ ఎక్కదు. అతని పేరు నిలిచినది దానివల్లనే.