ఎండ రాని ఇంట్లో ఆకుకూర!

భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2015 ఆగస్టు 10న ఓ చిన్న విందు జరిగింది. స్కాట్ కెల్లీ, షెల్ లిండ్‌గ్రెన్, కిమియా యుయి అనే ముగ్గురు వ్యోమగాములు అక్కడే పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకుల్ని తిన్నారు. ఆ మొక్కలు ఎండ పొడ ఎరుగవు. వాటిని పెంచింది ఎల్ఈడీ దీపాలే!

ఆకులు బాగా పీల్చుకునేది ఎరుపు, నీలం కాంతుల్ని. అందుకే నాసా వాటికి పెద్దపీట వేసింది. ఆ రెండే ఉంటే ఆకులు వంకాయ రంగులో కనిపిస్తాయి. చూడగానే తినాలనిపించాలి కదా... అందుకని కాస్త ఆకుపచ్చ కాంతినీ జోడించింది.

ఎండ పడని అపార్ట్‌మెంట్లలోనూ ఈ ఉపాయం పనిచేస్తుంది. రంగుల దీపాలే అక్కర్లేదు, తెల్ల ఎల్ఈడీ వెలుగులోనూ ఆ రంగులుంటాయి. కుండీకి అడుగు ఎత్తున వేలాడదీసి రోజూ 12 నుంచి 14 గంటలు వెలిగిస్తే మెంతికూర, పుదీనా లాంటివి పెంచుకోవచ్చు. కాడలు సన్నగా సాగుతుంటే వెలుతురు చాలడంలేదని అర్థం. దీపాన్ని కిందికి దించాలి. ఆకులు మాడుతుంటే పైకి జరపాలి. రాత్రి ఆర్పేయాలి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడం మరవొద్దు.

ఖర్చంటారా? 20 వాట్ల దీపం రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు ఎనిమిదిన్నర యూనిట్లలోపే. అయితే టమాటా, మిరప కాయాలంటే ఇంతకంటే చాలా ఎక్కువ వెలుతురు కావాలి. కాబట్టి ఆకుకూరలతో మొదలుపెట్టండి. ఇంట్లో ఓ మూల ఎండ పడుతోందా? అయితే ముందు కుండీని అక్కడికి జరపండి. సూర్యుడు బిల్లు పంపడు!