పద్దు వ్రాయువారును, పరీక్షించువారును

బడ్జెట్టులో చూపబడిన లోటు యథార్థమైన లోటేనా? ఈ ప్రశ్నకు, పార్లమెంటు ఆ బడ్జెట్టును ఆమోదించుటకు ముందే, ప్రభుత్వమునకు లోబడనివారు సమాధానము చెప్పవలయునని మేము కోరుచున్నాము. కంట్రోలరు అండ్ ఆడిటరు జనరలు కలరు గదా యని కొందరందురు. వారు ముఖ్యముగ చూచునది వ్యయమైన ధనము. ధాన్యము కల్లము దాటిన పిమ్మట కొలత సరిచూచుట వంటిది.

2016-17వ సంవత్సరమున జరిగినది చూడుడు. రైతులయొద్ద ధాన్యము కొని చౌకడిపోలకు పంపుటలో ఫుడ్ కార్పొరేషనుకు వచ్చు నష్టమును కేంద్రప్రభుత్వము సబ్సిడీగా చెల్లింపవలయును. ఆ సంవత్సరము ప్రభుత్వము సబ్సిడీలో కొంతభాగము నియ్యక, బదులుగా చిన్నపొదుపుల నిధినుండి కార్పొరేషనుకు అప్పు ఇప్పించెను. పోస్టాఫీసులలో సామాన్యులు దాచుకొన్న సొమ్మే ఈ నిధి. పత్రము కార్పొరేషను పేర నున్నది, తీర్చవలసినది ప్రభుత్వమే, బడ్జెట్టులోటులో మాత్రము ఆ యప్పు కానరాదు. ఆ పద్ధతి తరువాతి సంవత్సరములందును సాగెను. కంట్రోలరుగారు తప్పుపట్టకపోలేదు, కాని 2016-17 లెక్కలపై వారి నివేదిక పార్లమెంటు ముందునకు వచ్చుసరికి 2019 వచ్చెను.

2021 ఫిబ్రవరి బడ్జెట్టులో ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్‌గారు ఈ యప్పులను చాలించి, పాతబాకీలను లెక్కలోనికి తెచ్చిరి. మెచ్చదగిన కార్యమే. కాని ఫలమేమి? 2020-21కి ఆహార సబ్సిడీ మొదట 1 లక్షా 15 వేల కోట్ల రూపాయల చిల్లర యని వ్రాసిన పద్దు, సవరించిన అంచనాలో 4 లక్షల 22 వేల కోట్లు దాటెను. కోవిడు కాలపు ఉచితధాన్యపు ఖర్చును అందు కలదు; పాతబాకీల భారమును కలదు. ఈ బాకీలు పెరుగుచున్న కాలమున పార్లమెంటు సభ్యులు ఏ లోటును చూచి బడ్జెట్టుల నామోదించిరి?

చట్టము లేకపోలేదు. 2003లో ద్రవ్యబాధ్యతా చట్టము చేయబడెను. లోటును దేశీయోత్పత్తిలో నూటికి 3 వంతులకు దింపు గడువు మాత్రము పలుమారులు ముందునకు జరుగుచు వచ్చెను. 2019-20లో 3.3 వంతులన్న లోటు కడపట 4.6 వంతులుగా తేలెను. కోవిడు ఆ సంవత్సరాంతమున గాని దేశమును తాకలేదు.

శ్రీ వై. వి. రెడ్డిగారు మన తెలుగువారు, రిజర్వుబ్యాంకు గవర్నరుగ నుండినవారు. వారి అధ్యక్షతను 14వ ఆర్థికసంఘము 2014లోనే, బడ్జెట్టు ప్రతిపాదనలను ముందుగనే పరీక్షించు స్వతంత్రమండలి కావలయునని చెప్పెను. శ్రీ ఎన్. కె. సింగుగారి సంఘమును 2017లో అట్లే చెప్పెను. 2018లో చట్టమును సవరించిరి. మండలి ప్రస్తావన మాత్రము అందు చేరలేదు.

ఎన్నికకాని పండితులు ప్రజాప్రతినిధులపై పెత్తనము చేయుదురా యని కొందరి యాక్షేపణ. మండలికి పన్ను వేయు నధికారము గాని, ఖర్చు నాపు నధికారము గాని లేదు. లెక్కించి చెప్పుటయే దాని పని. ఆంగ్లేయులను చూచి నేర్చుకొమ్మనుట మాకు వాడుక కాదు. అయినను వారి యనుభవ మొకటి గమనింపదగును. 2010లో వారు స్థాపించుకొన్న ఇట్టి కార్యాలయపు అంచనా లేకయే, 2022 సెప్టెంబరు 23న వారి మంత్రి భారీగా పన్నులు తగ్గింతుమని ప్రకటించెను. మూడు దినములలో పౌను విలువ డాలరుతో మునుపెన్నడు లేనంతగ పడిపోయెను. అక్టోబరులో ఆ మంత్రియు పోయెను, ప్రధానియు రాజీనామా ప్రకటించెను.

మనకు ఇందు వేరొక బాధయు కలదు. కార్పొరేషనుల పేర తెచ్చి తమ బడ్జెట్టునుండి తీర్చు నప్పులను రాష్ట్రముల అప్పులుగనే ఎంతుమని 2022లో కేంద్రము చెప్పెను. రాజ్యాంగపు 293వ అధికరణము ప్రకారము, కేంద్రమునకు బాకీయున్న రాష్ట్రము దాని యనుమతి లేక ఋణము చేయరాదు. ఆంధ్రప్రదేశును, తెలంగాణమును అట్టి యప్పులు చేసినవే. వాటిని మేము సమర్థింపము. కాని ఫుడ్ కార్పొరేషను పేర తాను చేసిన దానిని కేంద్రమునకు ఎవరు లెక్కకట్టిరి? 292వ అధికరణము కేంద్రపు ఋణమునకును పార్లమెంటు హద్దు విధింపవచ్చు నన్నది. మండలి యేర్పడినచో, ఢిల్లీ పద్దును హైదరాబాదు, అమరావతి పద్దులను ఒక్క కుంచముతోనే కొలువవలయును.

దాని జీతభత్యములు ఆర్థికశాఖ దయపై నుండరాదు. హంగేరీలో 2009లో పని నారంభించిన మండలి ప్రభుత్వమును విమర్శింపగా, మరుసటి యేడు చివర దాని నిధులను కోసి సిబ్బందిని తొలగించిరి. ఇక్కడ ఆ ఖర్చును కంట్రోలరుగారి జీతమువలె పార్లమెంటు వోటుతో నిమిత్తము లేక సంచితనిధినుండి చెల్లించునట్లు చట్టమునందే వ్రాయవలయును. మండలి నివేదికను బడ్జెట్టుపై సాధారణచర్చ యారంభమగు నాటికే సభ్యుల చేతి కందింపవలయును.